పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం: సరిహద్దు ఊళ్ల హ్యాకింగ్ పోటీల వెంట

ఒడిశా సరిహద్దు జిల్లాలైన గజపతి, రాయగడ, గంజాంలలో తెలుగు మాట్లాడే విద్యార్థులు కొందరు కంప్యూటర్ భద్రత పోటీలను తమకు తామే నడుపుకుంటున్నారు. లోకమంతటా సీటీఎఫ్ అని పిలిచే ఆటలివి. క్యాప్చర్ ది ఫ్లాగ్ అన్నది పూర్తి పేరు. కావాలనే లోపాలు పెట్టి తయారుచేసిన ప్రోగ్రాములో ఒక రహస్య వాక్యాన్ని దాస్తారు, దాన్నే జెండా అంటారు. లోపాన్ని కనిపెట్టి ఆ వాక్యాన్ని బయటికి తీసిన జట్టుకు పాయింట్లు వస్తాయి. విశాఖలో నెట్‌వర్క్ భద్రత పని చేసే నన్ను, ప్రశ్నలు సరిచూడడానికీ బరంపురంలో తీర్పరిగా కూర్చోవడానికీ పిలిచారు. పోటీకి ముందే జట్లను వాళ్ల ఊళ్లలో చూడాలనిపించి, దారిలో పడే రెండు ఊళ్లలో ఆగుతూ వెళ్లాను.

గురువారం, పర్లాకిమిడి

పాతపట్నం దాటగానే పర్లాకిమిడి వస్తుంది. దుకాణాల బోర్డుల మీద ఒడియా అక్షరాలు కనిపించేదాకా రాష్ట్రం మారిందని తెలియదు, కనిపించాక కూడా లోపలి మాటలు తెలుగులోనే వినిపిస్తాయి. బజారు వీధిలోని చిన్న హోటల్లో ఇడ్లీల మీద చట్నీతో పాటు వేడి ఘుగుని పోసి ఇచ్చారు. ఎండు బఠాణీలను మెత్తగా ఉడికించి మసాలా వేసి చేసే ఆ కూర ఇడ్లీకి ఇంత బాగా నప్పుతుందని నేను అనుకోలేదు. నాలుగు ఇడ్లీలకు 30 రూపాయలు తీసుకున్నారు. ఆకు ఖాళీ అవుతోందని గమనించి, అడగకుండానే మళ్లీ ఘుగుని వడ్డించారు.

కంప్యూటర్ కుర్రాళ్ల గది ఎక్కడని అడిగితే హోటలాయన నన్ను దరఖాస్తులు నింపే ఒక ఆన్‌లైన్ సెంటరుకు పంపించాడు. పేదలు, పెన్షన్ల వాళ్లు కాగితాలు పట్టుకుని నిలబడ్డ ఆ వరుసలో నేనూ కాసేపు నిలబడి, నా వంతు వచ్చాక విషయం చెప్పాను. ఆ షాపాయన గొంతు తగ్గించి, “హ్యాకింగ్ అని గట్టిగా అనకండి బాబూ, పోలీసోలు ఇంటే బాగోదు. ఆ పిల్లలు మంచోలే, ఎనకాల సందులో కొమ్ము బొమ్మలు చేసే ఇంటి మేడ మీద ఉంటారు,” అని తన మనిషిని తోడిచ్చి పంపాడు.

ఆయన భయం నిరాధారం కాదు. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం 43వ సెక్షను ప్రకారం, యజమాని అనుమతి లేకుండా ఇతరుల కంప్యూటర్లోకి ప్రవేశించినవాడు నష్టపరిహారం చెల్లించాలి. అదే పని మోసపూరితంగా చేస్తే 66వ సెక్షను కింద మూడేళ్ల వరకు జైలు గానీ, 5 లక్షల రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. ఆ మేడ గది గోడ మీద ఈ రెండు సెక్షన్ల సారాంశాన్ని కుర్రాళ్లు తెలుగులో పెద్ద అక్షరాలతో రాసుకున్నారు. దాని కింద, మనది కాని యంత్రాన్ని ముట్టుకున్నవాడికి ఈ గదిలో చోటు లేదని ఇంకో వాక్యం రాసి ఉంది. కొత్తగా చేరే ప్రతివాడూ ముందుగా ఆ గోడను బిగ్గరగా చదవాలట. ఇటువంటి బృందం దేనికైనా మొదటి పాఠం ఇదే కావాలని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను.

కింద అంతస్తులో ఇంటి యజమాని కొమ్మును నిప్పు సెగ మీద వేడిచేసి వంచుతూ, కొంగ మెడను తీరుస్తున్నాడు. పర్లాకిమిడి కొమ్ము బొమ్మలకు చాలాకాలంగా పేరుంది. ఆయన కొడుకే పైన జట్టుకు నాయకుడు. గదిలో పాత ల్యాప్‌టాప్‌లు, మూత ఊడిన రెండు డెస్క్‌టాప్‌లు ఉన్నాయి, అన్నిటిలోనూ లినక్సు అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమే. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం 2013 నుంచి బడిపిల్లల కోసం నిర్వహిస్తున్న పికోసీటీఎఫ్ పాత ప్రశ్నలతో వీళ్లు సాధన మొదలుపెట్టారు. ఆ తరువాత కేరళలోని అమృత విశ్వవిద్యాపీఠం విద్యార్థి జట్టు బయోస్ నడిపే ఇన్‌సీటీఎఫ్ ప్రశ్నలకు వచ్చారు. లాస్ వేగస్‌లో 1993లో మొదలైన డెఫ్‌కాన్ అనే హ్యాకర్ల సమావేశంలో 1996లో ఈ ఆటను పెట్టారని, అక్కడి తుది పోటీలో జట్లు ఒకదాని సర్వర్ మీద ఒకటి దాడి చేస్తూనే తమ సర్వర్‌ను కాపాడుకోవాలని జట్టు నాయకుడు నాకు వివరించాడు. నాకు తెలిసిన విషయమే అయినా, అతడు చెబుతున్న శ్రద్ధ చూసి మధ్యలో ఆపబుద్ధి కాలేదు.

బరంపురం పోటీకి వాళ్లు తయారుచేసిన ఒక ప్రశ్న నన్ను ప్రత్యేకంగా ఆకర్షించింది. ఫైలు తెరిస్తే వరుసగా ఖాళీ పెట్టెలు తప్ప ఏమీ కనబడవు. ఆ యంత్రంలో తగిన ఫాంటు లేకపోవడమే అందుకు కారణం. నిజానికి అవి సవర గిరిజనుల లిపి అంకెలు. మంగేయి గొమాంగో 1936లో రూపొందించిన సొరాంగ్ సొంపెంగ్ అనే ఆ లిపిని, ప్రపంచ లిపుల అక్షరాలకు కంప్యూటర్లలో సంఖ్యలు కేటాయించే యూనికోడ్ పట్టికలో, 2012 నాటి 6.1 కూర్పులో చేర్చారు. అంకెలను గుర్తుపట్టి, రెండేసి మూడేసిగా విడగొట్టి, ఇంగ్లీషు అక్షరాలకు కంప్యూటర్లు వాడే ఆస్కీ సంఖ్యలుగా చదివితే జెండా బయటపడుతుంది. చుట్టుపక్కల కొండల్లోని సవర ఊళ్లను వీళ్లు మరచిపోలేదన్నది నాకు ఎక్కువ సంతోషం కలిగించింది. ఇదే పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ గిడుగు రామమూర్తి గారు సవర భాష నేర్చుకుని, దానికి వ్యాకరణమూ నిఘంటువూ రాశారు.

శుక్రవారం, గుణుపురం

వంశధార ఒడ్డున ఉన్న గుణుపురంలో దిగేసరికి ఎండ మాడ్చేస్తోంది. బస్టాండు పక్కన ఒక పెద్దావిడ కుండలో చోడంబలి, అంటే రాగి అంబలి, అమ్ముతోంది. గ్లాసు 10 రూపాయలు. నంజుకోవడానికి ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ ఉచితంగా ఇస్తోంది, వేయించిన ఎండుచేప కావాలంటే ఇంకో 10 తీసుకుంటోంది. రెండో గ్లాసుకు డబ్బు ఇవ్వబోతే, “ఎండన పడి ఒచ్చావు నాయనా, ఉండనీ,” అని చెయ్యి వెనక్కి నెట్టింది.

ఇక్కడి జట్టులో నలుగురూ ఆడపిల్లలే. ఇద్దరివి తెలుగు ఇళ్లు, ఒకమ్మాయి ఒడియా, ఇంకొకమ్మాయి సవర. హాస్టలు నియమం ప్రకారం బయటివాళ్లను లోపలికి రానివ్వరు కాబట్టి, వార్డెనమ్మ మామిడిచెట్టు కింద కుర్చీలు వేయించి, తానూ అక్కడే కూర్చుని, మేము మాట్లాడిన రెండు గంటలూ కదలకుండా విన్నారు. మధ్యలో ఒకసారి, “అయితే బ్యాంకు ఫోను అని చెప్పి డబ్బు లాగేసేవాళ్లను వీళ్లు పట్టుకోగలరా?” అని అడిగారు. పట్టుకోవడం పోలీసుల పని అనీ, అటువంటి మోసం ఏ లోపం గుండా జరుగుతుందో గుర్తించడం, దాన్ని మూయడం వీళ్లు నేర్చుకుంటున్న పని అనీ జట్టు నాయకురాలు చెప్పిన జవాబు నేను చెప్పగలిగిన దానికన్నా స్పష్టంగా ఉంది.

ఈ పిల్లలకు ఒక బాధ ఉంది. నిరుడు వేరే ఊరిలో జరిగిన ఒక పోటీకి రాత్రంతా ప్రయాణం చేసి వెళ్లారు. అక్కడ నాకౌట్ పద్ధతి పెట్టారు. ఉదయం 9 గంటలకు మొదటి మ్యాచ్, 40 నిమిషాల్లో ఓటమి, ఆ తరువాత సాయంత్రం బండి దాకా చెయ్యడానికి పనేమీ లేదు. కుర్చీలు కూడా గెలిచిన జట్లకే ఇచ్చారట. “ఓడిపోయామని ఏడవలేదు సార్, ఎందుకు ఓడిపోయామో ఎవరూ చెప్పలేదు,” అన్నది సవర అమ్మాయి. ఆ మాట నాకు బాగా పట్టుకుంది, మిగిలిన ప్రయాణమంతా దాని చుట్టే ఆలోచించాను.

నాకౌట్ పట్టికను మన ఊళ్లలో కబడ్డీకీ వాలీబాలుకూ తరతరాలుగా వాడుతున్నాం కనుక, అది తప్ప వేరే దారి లేదనిపిస్తుంది. బరంపురం పోటీలోలా 12 జట్లుంటే పట్టికను 16 గళ్లకు గీయాలి, మిగిలిన 4 గళ్లు బైలు, అంటే ఎదురు జట్టు లేని ఖాళీలు. చిట్టీల్లో బై వచ్చిన 4 జట్లు ఆడకుండానే రెండో రౌండుకు వెళతాయి, తక్కిన 8 జట్లలో సగం మొదటి గంటలోనే ఇంటిదారి పడతాయి. మొత్తం 11 మ్యాచ్‌లతో పని అయిపోతుంది కనుక నిర్వాహకులకు సులువు. కానీ ఇందులో పెద్ద అన్యాయం ఒకటి దాగి ఉంది. అందరిలో మేటి జట్టు పట్టికలో ఏ సగంలో పడిందో బైలను రెండు సగాలకూ సమానంగా పంచితే, ఆ సగంలో ఇతర జట్లకు మిగిలిన గళ్లు 5, అవతలి సగంలోవి 6. రెండో మేటి జట్టు చిట్టీ ఆ 5 గళ్లలో ఒకదానిలో పడితే, ఫైనలుకు ముందే మొదటి జట్టు చేతిలో ఓడిపోతుంది. అంటే 11లో 5 వంతుల అవకాశం, దాదాపు సగం, దాని ప్రతిభతో సంబంధం లేకుండా పోతుంది. టెన్నిస్ పోటీలలో ఇదే లోపాన్ని ఇంగ్లండులో గణితం బోధించే చార్లెస్ డాడ్జ్‌సన్ 1883లోనే ఎత్తిచూపాడు.

చదరంగం వాళ్లు దీనికి విరుగుడు కనిపెట్టి చాలాకాలమైంది. 1895లో జ్యూరిక్‌లో మొదటిసారి వాడినందువల్ల స్విస్ పద్ధతి అనే పేరు వచ్చిన ఏర్పాటులో ఎవరినీ బయటికి పంపరు. ప్రతి రౌండులోనూ సమానమైన పాయింట్లున్న వాళ్లను ఎదురెదురుగా కూర్చోబెడతారు, ఒకసారి తలపడిన జట్లు మళ్లీ తలపడవు. 12 జట్లకు 4 రౌండ్లు చాలు, నాకౌట్‌కైనా 4 రౌండ్లే పడతాయి. సమయం ఒక్క నిమిషం ఎక్కువ పట్టదు. రౌండుకు 6 మ్యాచ్‌లు ఒకేసారి నడపాలి కనుక యంత్రాలు మాత్రం ఎక్కువ కావాలి. ఆ రాత్రి లాడ్జి గదిలో కూర్చుని ఈ లెక్కంతా బరంపురం నిర్వాహకులకు ఫోనులో చెప్పాను. అద్దె 450 రూపాయలైన ఆ గదిలో ఫ్యాను తిరిగింది, దోమతెర కూడా ఇచ్చారు. మేము ఇప్పటికే చిట్టీలు రాసేశామండీ అని మొదట సందేహించారు. యంత్రాలు చాలవని ఇంకో మాట అన్నారు. పర్లాకిమిడి కుర్రాళ్లు తమ గదిలోని నాలుగింటిని మోసుకొస్తామని ఒప్పుకున్నాక చిట్టీలు పక్కన పెట్టారు.

శనివారం, బరంపురం

బరంపురంలో పొద్దున్నే రోడ్డు పక్క బండి దగ్గర ఉప్మా మీద ఘుగుని పోసి, పైన ఉల్లి ముక్కలు చల్లి, పక్కన ఒక గారె పెట్టి ఇచ్చారు. దాన్ని ఇక్కడ బరా అంటారు. 35 రూపాయలకు మధ్యాహ్నం దాకా ఆకలి వెయ్యలేదు. పోటీ జరిగేది పట్టు నేసే దేవాంగుల వీధుల దగ్గర ఒక చిన్న కల్యాణ మండపం. నిర్వాహకులలో ఒకరి మేనమామ దాన్ని అద్దె లేకుండా, కరెంటు బిల్లు కడితే చాలని ఇచ్చాడు. పెళ్లివారికి పరిచే తివాచీల మీదే నెట్‌వర్క్ తీగలు పరిచారు, కాళ్లకు తగలకుండా పూలదండలు కట్టే దారంతో కట్టారు. ఈ నెట్‌వర్క్‌కు ఇంటర్నెట్‌తో ఏ సంబంధమూ లేదు. దాడులు నేర్పే చోట బయటి యంత్రం ఒక్కటి కూడా అందుబాటులో ఉండకూడదన్న నియమాన్ని వాళ్లు ఖచ్చితంగా పాటించారు.

ఒక్కో జట్టుకు ఒక్కో సర్వర్, అన్నిటిలోనూ ఒకే ప్రోగ్రాములు. వాటిలో ఒకటి, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన, చిన్న చిన్న రాతలు దాచుకునే చిట్టీల పెట్టె. చిట్టీ పేరు అడిగే చోట పేరుకు బదులు రెండు చుక్కలు, ఒక ఏటవాలు గీత పదేపదే టైపు చేస్తే, ప్రోగ్రాము తన ఫోల్డరు దాటి పైకెక్కి, చూపకూడని ఫైలును చూపిస్తుంది. అవతలి జట్టు దగ్గర దీన్ని వాడి జెండా తెచ్చుకోవాలి, అదే సమయంలో తమ సర్వర్‌లో ఆ దారి మూసుకోవాలి. తీర్పరి యంత్రం మూడు నిమిషాలకొకసారి వచ్చి కొత్త జెండా పెడుతుంది, ప్రోగ్రాము సవ్యంగా నడుస్తోందా అని చూస్తుంది, నడవకపోతే పాయింట్లు కోస్తుంది.

మొదటి రౌండులో గుణుపురం ఆడపిల్లలకు ఎదురుపడింది పర్లాకిమిడి జట్టే. దాడి మొదలవగానే ఆడపిల్లలు కంగారులో, రాకపోకలను అడ్డగించే ఫైర్‌వాల్‌తో, ఆ ప్రోగ్రాముకు తలుపు వంటి పోర్టును పూర్తిగా మూసేశారు. జెండా ఒక్కటీ పోలేదు. కానీ తీర్పరి యంత్రానికి కూడా తలుపు మూసుకుపోయింది కనుక ప్రతి మూడు నిమిషాలకూ పాయింట్లు కరిగిపోయి ఓడిపోయారు. నాకౌట్ అయి ఉంటే వాళ్ల కథ అక్కడితో ముగిసేది.

భోజనాల దగ్గర నేను చూసింది ఈ ప్రయాణంలో నాకు అన్నిటికన్నా విలువైనది. అన్నం, కూరగాయలు వేసి వండిన పప్పు డాల్మా, పనసకాయ కూర, పుల్లటి టమాటా ఖట్టా, అప్పడం ఆకుల్లో వడ్డించారు. మనిషికి 70 రూపాయలు పడింది. ఇంటి పెద్దావిడ తెలుగులో, “తినండి తల్లీ, మల్లీ ఎయ్యమంటారా?” అని పిల్లలను, ఒడియాలో వంటవాళ్లను పలకరిస్తూ తిరుగుతోంది. గెలిచిన పర్లాకిమిడి కుర్రాడు తన ఆకు తీసుకుని వచ్చి ఆడపిల్లల ఎదుట కూర్చుని, పోర్టు మూయకూడదక్కా, పేరులో ఆ చుక్కలు, గీత వస్తే ఒప్పుకోకుండా ఉండేలా ప్రోగ్రామునే దిద్దాలి అని చెప్పాడు. ఎడమచేతి వేలితో తివాచీ మీద ఆ రెండు లైన్లూ రాసి చూపించాడు. మళ్లీ తలపడే అవకాశం ఆ రోజు లేదు కనుక దాచుకోవలసిన అవసరం అతనికి లేదు, మరో మూడు మ్యాచ్‌లున్నాయి కనుక నేర్చుకోవలసిన అవసరం వాళ్లకుంది. పట్టిక గీసే తీరు మనుషుల మధ్య ఇచ్చిపుచ్చుకోవడాన్ని ఇంతగా మారుస్తుందని నేను కళ్లారా చూశాను.

ఆడపిల్లలు తరువాతి మూడు మ్యాచ్‌లూ గెలిచారు. పర్లాకిమిడి వరుసగా మూడు గెలిచి చివరిదానిలో ఇచ్ఛాపురం చేతిలో ఓడింది. సాయంత్రానికి అసలు ఓటమి లేని జట్టు మిగలలేదు, మూడేసి గెలుపులతో ఐదు జట్లు నిలిచాయి. ఆదివారం సెమీఫైనళ్లకు నాలుగే చోట్లు. ముందే అనుకున్న నియమం ప్రకారం ఒక్కో జట్టు ఎదుర్కొన్న ప్రత్యర్థుల పాయింట్లన్నీ కూడాం. బలమైన వాళ్లతో ఆడినవారికి ఈ మొత్తం ఎక్కువ వస్తుంది. మొదటి రౌండులో పర్లాకిమిడితో ఆడడమే గుణుపురానికి కలిసొచ్చింది. అన్నిటికన్నా తక్కువ వచ్చింది ఆతిథ్యమిస్తున్న బరంపురం జట్టుకే, చివరి రౌండులో తమకన్నా కింద ఉన్న జట్టుతో ఆడవలసి రావడం వల్ల. తీర్పరిగా ఆ లెక్క చదివి వినిపిస్తున్నప్పుడు నా గొంతు కొంచెం తడబడింది. మండపం ఇచ్చిన మేనమామ అక్కడే ఉన్నాడు. ఆ జట్టు నాయకుడు కాగితం తీసుకుని తానొకసారి కూడి చూసుకుని, “లెక్క సరిగానే ఉంది సార్, రేపు టీలు మేము చూసుకుంటాం,” అన్నాడు.

ఆదివారం, బరంపురం

సెమీఫైనళ్లలో గుణుపురం ఇచ్ఛాపురం చేతిలో ఓడింది, ఫైనల్లో పర్లాకిమిడి గెలిచింది. మిగిలిన జట్లు ఖాళీగా కూర్చోకుండా పక్క హాల్లో పదిహేను ప్రశ్నల బోర్డు పెట్టాం. సవర అంకెల ప్రశ్న అందులోనే ఉంది. ఇంటర్నెట్ లేని చోట ఆ లిపిని ఎవరైనా ఎలా గుర్తుపడతారన్న సందేహం నాకు మొదటి నుంచీ ఉంది కనుక, యూనికోడ్ పట్టికలన్నీ లోపలి సర్వర్‌లో అందరికీ అందేలా పెట్టించాను. సెమీఫైనల్లో ఓడిన ఆడపిల్లలు వచ్చి కూర్చున్న కాసేపటికే దాన్ని తేల్చారు. ఆ ఫైలును తేల్చిన మొదటి జట్టు వాళ్లదే. సవర అమ్మాయికి ఇది ముందే తెలిసి ఉంటుందని ఒక జట్టు అభ్యంతరం చెప్పింది. మిగతా పద్నాలుగు ప్రశ్నలూ ఇంగ్లీషులో ఉన్నప్పుడు ఇంగ్లీషు మీడియం వాళ్ల మీద ఎవరూ అభ్యంతరం చెప్పలేదు కదా అని నేను గుర్తుచేసి, పాయింట్లు నిలబెట్టాను. ఆ తీర్పు ఇప్పటికీ సరైనదేనని నా నమ్మకం.

బహుమతి డబ్బు లేదు. జట్టుకు 300 చొప్పున వసూలైన 3,600 రూపాయలలో కరెంటు, జనరేటరు డీజిలు పోగా మిగిలిన దానితో కంప్యూటర్లను తీగలతో కలిపే ఒక పాత 24 పోర్టుల స్విచ్ కొని ఉమ్మడి ఆస్తిగా పర్లాకిమిడి గదిలో ఉంచాలని తీర్మానించారు. సాయంత్రం ప్రతి జట్టూ లేచి తాము తేల్చిన ఒక లోపం గురించి చెప్పింది. తెలుగులో మొదలైన వాక్యం ఒడియాలో ముగిసినా ఎవరూ అడ్డుపడలేదు. టీలతో పాటు, విరిగిన పాలతో కాల్చి చేసే ఛెనాపోడ మిఠాయి ముక్కలు పంచిన బరంపురం కుర్రాళ్లు అందరికన్నా ఎక్కువ ప్రశ్నలు వేశారు.

వచ్చే పోటీ పంట నూర్పుళ్లయ్యాక పర్లాకిమిడిలో. 16 జట్లను పిలుస్తారు, అప్పుడు కూడా 4 రౌండ్లే సరిపోతాయి, కానీ ఒకేసారి 16 సర్వర్లు కావాలి. ప్రస్తుతం ఉన్నవి 12. ఈసారి వచ్చిన స్థానాల ప్రకారం మొదటి రౌండు జోడీలు కట్టాలని ఇచ్ఛాపురం వాళ్లు, కొత్త జట్లకు అది అన్యాయం కనుక చిట్టీలే తీయాలని గుణుపురం వాళ్లు చాలాసేపు వాదించుకుని చివరికి చిట్టీలకే ఒప్పుకున్నారు. కొండ ఊళ్ల బస్సు తొమ్మిదిన్నరకు గానీ చేరదు కనుక 11 గంటలకు ముందు ఏ మ్యాచూ పెట్టకూడదన్న నియమాన్ని మాత్రం ఎవరూ వాదించకుండా రాసుకున్నారు.